పడకటింట్లో ఏది ఆరోగ్యం, ఏది కాదు: మీకు మీరే తేల్చుకునే పద్ధతి

"వారానికి ఎన్నిసార్లయితే మామూలు?" లైంగిక ఆరోగ్యం మాట రాగానే ముందుగా వచ్చే ప్రశ్న ఇది. దీనికి వైద్యశాస్త్రంలో జవాబు లేదు. రోజూ కలిసే జంటలో ఒకరు భయంతోనే ఒప్పుకుంటూ ఉండవచ్చు. నెలకొకసారి కలిసే ఆలుమగలు ఇద్దరూ నిండుగా ఉండవచ్చు. ఎన్నిసార్లు, ఎంతసేపు, ఏ తీరుగా అనే లెక్కలతో ఆరోగ్యం తేలదు. తేల్చేవి వేరే ఉన్నాయి: వద్దన్న మనిషికి ఆ తర్వాత ఏమవుతున్నది, ఆపాలనుకున్నప్పుడు ఆపగలుగుతున్నారా, ఒంటికి గానీ మనసుకు గానీ దెబ్బ తగులుతున్నదా. వీటిని ఎట్ల పరిశీలించుకోవాలో, తేడా కనిపిస్తే వరంగల్ చుట్టుపక్కల ఎక్కడికి పోవాలో వరసగా చూద్దాం.

ఇది 18 ఏళ్లు నిండినవాళ్లకు మాత్రమే. 18 లోపు పిల్లలతో ఎటువంటి లైంగిక చర్య అయినా 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. ఆ వయసువాళ్లు ఒప్పుకున్నారన్న మాట చట్టం ముందు చెల్లదు.

మొదటి అడుగు: రోగం కానివాటిని ముందే తీసి పక్కన పెట్టండి

రైలు పట్టాల పక్క గోడల మీద, బస్టాండు మూత్రశాలల్లో "గుప్త రోగాలకు గ్యారంటీ చికిత్స" రాతలు చూడనివాళ్లు లేరు. లైంగిక శక్తిని పెంచుతామని మందులకు ప్రచారం చేయడం 1954 నాటి మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం ప్రకారమే నిషేధం. అంటే ఆ రాత రాయడమే తప్పు. అయినా ఆ దుకాణాలు నడుస్తున్నాయంటే కారణం, రోగం కానిదాన్ని రోగమని నమ్మేవాళ్లు మనలో మస్తుమంది ఉన్నారు.

హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడవు, అంగం చిన్నది కాదు, పిల్లలు పుట్టకుండా పోరు. నిద్రలో వీర్యం పోవడం కూడా అంతే. "వంద చుక్కల రక్తం కలిస్తే ఒక చుక్క వీర్యం" అన్న లెక్క అబద్ధం. వీర్యం రక్తం నుంచి తయారు కాదు. ఒకసారికి సుమారు 1.5 నుంచి 5 మిల్లీలీటర్లు వస్తుంది, అందులో ఎక్కువ భాగం వీర్యకోశాలు, ప్రోస్టేట్ గ్రంథి ఊర్చే ద్రవమే. ఒళ్లు దాన్ని ఎప్పటికప్పుడు తయారు చేసుకుంటుంది. పొద్దున మూత్రం తెల్లగా, మబ్బుగా కనిపిస్తే చాలాసార్లు అది అందులోని ఫాస్ఫేట్ లవణాల వల్లే. మంట, జ్వరం కూడా ఉంటే మాత్రం మూత్ర పరీక్ష చేయించాలి.

"ధాతు పోతున్నది, అందుకే నీరసం" అనుకుని కుంగిపోయే మగవాళ్ల స్థితికి 1960లో మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఇక్కడ వైద్యం చేయాల్సింది వీర్యానికి కాదు, దాని వెనుక ఉన్న ఆందోళనకు, దిగులుకు. ఆ నీరసం నిజమే, నిద్ర పట్టకపోవడం నిజమే. తప్పు పట్టుకున్నది కారణం దగ్గర. ఆడవాళ్లలో దీనికి జోడీ "తెల్లబట్ట". దానివల్ల ఎముకలు కరిగిపోతాయని అనుకుంటారు. నీళ్లలాగానో గుడ్డు తెల్లసొనలాగానో ఉండే స్రావం నెలలో కొన్ని రోజులు పెరగడం, తగ్గడం సహజం. చెడు వాసన, దురద, పెరుగు విరిగినట్టు ముద్దలు, పచ్చ రంగు, కింది కడుపులో నొప్పి ఉంటే ఇన్ఫెక్షన్ అని అనుమానించాలి.

మొదటిరాత్రి రక్తం రావాలన్న పట్టింపు కూడా ఈ మూటలోదే. కన్నెపొర కొందరికి సాగుతుంది, కొందరికి పుట్టుకతోనే సన్నగా ఉంటుంది. రక్తం రాకపోవడం దేనికీ రుజువు కాదు. స్వలింగ ఆకర్షణ రోగం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే రోగాల జాబితా నుంచి తీసేసింది. పెద్దలు ఇష్టంతో కలవడం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది. "మందులిచ్చి మారుస్తా" అనే డాక్టరు వృత్తి నియమం తప్పినట్టేనని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది.

ఇక ఎంతసేపు అన్నది. ఐదు దేశాల్లో జంటలు స్టాప్‌వాచ్ పెట్టుకుని కొలిచిన ఒక అధ్యయనంలో, లోపలికి ప్రవేశించినప్పటి నుంచి స్ఖలనం దాకా మధ్యస్థ సమయం 5.4 నిమిషాలు. బూతు వీడియోలు చూసి అరగంట అనుకుంటున్నవాళ్లు ఈ అంకె గుర్తుంచుకుంటే సగం భయం పోతుంది.

రెండో అడుగు: "వద్దు" తర్వాత ఒక దినం ఎట్ల గడిచిందో చూడండి

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇదే. గత మూడు నెలల్లో మీరు గానీ మీ జోడీ గానీ వద్దన్న సందర్భం ఒకటి గుర్తు తెచ్చుకోండి. ఆ మాట తర్వాత 24 గంటల్లో ఏం జరిగింది?

కాసేపు ముఖం చిన్నబోవడం, అటు తిరిగి పడుకోవడం మామూలే. ఆశపడ్డది దొరకకపోతే ఎవరికైనా ఉంటుంది. కానీ రెండు రోజులు మాటలు బంద్, కంచం విసిరెయ్యడం, ఖర్చుకు పైసలు ఇవ్వకపోవడం, ఫోన్ గుంజుకుని వెతకడం, పిల్లల మీద కోపం తీర్చుకోవడం, "మీ అవ్వగారింటికి పో", "ఇంకోదాన్ని చేసుకుంట" లాంటి మాటలు రావడం: వీటిలో ఏది జరిగినా "వద్దు"కు ధర కట్టినట్టే. ధర కట్టిన చోట తర్వాత వచ్చే "సరే" ఒప్పుకోలు కాదు. "ఇంత జేసిన, నీకు నా మీద ప్రేమ లేదు" అని ఏడ్చి ఒప్పించడం కొట్టినంత కనిపించదు, కానీ అదీ ఒత్తిడే. ఆడవాళ్లు మగవాళ్ల మీద పెట్టే ఒత్తిడి కూడా ఉంటుంది. "మగోనివేనా?" అన్న ఒక్క మాట ఒక మనిషిని నెలల తరబడి ముడుచుకుపోయేలా చేయగలదు.

అసలు ఎప్పుడూ వద్దనలేదా? అయితే ప్రశ్న మార్చి అడగండి: అవసరం రాలేదా, ధైర్యం చాలలేదా? ఈ రెండింటి మధ్య తేడా జోడీకి తెలియకపోవచ్చు. మీకు తెలుసు.

ఒప్పుకోలుకు కావలసినవి చెప్పుకోవడానికి తేలిక. మెలకువగా ఉండాలి, మత్తులో ఉండొద్దు, మధ్యలో మనసు మారితే ఆపే వీలుండాలి. ఒకదానికి ఒప్పుకుంటే ఇంకోదానికి ఒప్పుకున్నట్టు కాదు. నిరోధ్‌తో అని ఒప్పుకున్నాక మధ్యలో తీసేయడం, గర్భనిరోధక గోలీలు దాచిపెట్టడం, "ఈసారి కొడుకు పుట్టేదాకా ఆపరేషన్ లేదు" అని తెగేసి చెప్పడం ఒప్పుకోలును తుంగలో తొక్కడమే. కిమ్మనకుండా ఉండటం ఒప్పుకోవడం కాదు. భయంతో ఒళ్లు కొయ్యబారినప్పుడు నోరు రాదు, చేయి లేవదు.

మత్తు విషయంలో మన వైపు ఒక ప్రత్యేక చిక్కు ఉంది, అది కల్తీ కల్లు. ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలిపిన కల్లు తాగిన మనిషి ఒప్పుకునే స్థితిలో ఉండడు, ఉండదు. తెల్లారి ఏం జరిగిందో గుర్తు కూడా ఉండకపోవచ్చు. రోజూ తాగితే కోరిక చచ్చిపోతుంది, అంగం గట్టిపడదు. అయితే ఇంట్లో గొడవయిందని ఒక్కసారిగా మానేయకండి. ఈ మందులకు అలవాటుపడ్డ ఒళ్లు ఒక్క దెబ్బన ఆపితే ఫిట్స్ వస్తాయి, పిచ్చి పట్టినట్టు అవుతుంది, ప్రాణం మీదకి కూడా రావచ్చు. మానడం దవాఖానలో, మోతాదు తగ్గించుకుంటూ జరగాలి.

అడగడం, కాదనడం రెండూ పడక మీద మొదలుపెట్టేవి కావు. పగలు, ఇద్దరూ తీరుబడిగా ఉన్నప్పుడు, పది నిమిషాలు చాలు. మాటలు సాదాగా ఉండాలి:

"నాకు ఇది మంచిగ అనిపిస్తది. నీకు?"
"ఇయ్యాల మనసు లేదు. ఊకె పక్కన పండుకుందాం."
"అట్ల చేస్తే నొస్తది. ఆపుమన్నప్పుడు ఆపాలె."
"నువ్వు ఒప్పుకున్నవా, నా కోసం సైసినవా?"

చివరి ప్రశ్న కష్టమైనది. అడిగినవాళ్లు జవాబు విని కోప్పడకుండా ఉండగలిగితేనే అడగాలి.

చట్టం ఎక్కడ నిలబడిందో కూడా తెలిసి ఉండాలి. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో, 18 ఏళ్లు దాటిన భార్యతో భర్త బలవంతపు కలయికను అత్యాచారం నిర్వచనం నుంచి మినహాయించారు. దాన్నిబట్టి పెండ్లయితే అంతా చెల్లుతుందనుకోవద్దు. విడిగా ఉంటున్న భార్యను బలవంతం చేస్తే 67వ సెక్షన్ కింద శిక్ష ఉంది. 2005 గృహహింస చట్టం లైంగిక హింసను హింసగానే లెక్కిస్తుంది. ఆ చట్టం కింద రక్షణ ఉత్తర్వు, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు అడగవచ్చు. చట్టం శిక్షించనంత మాత్రాన ఏదీ ఆరోగ్యకరం అయిపోదన్నది వేరే చెప్పనక్కరలేదు.

మూడో అడుగు: ఒంటి మాట వినండి

నొప్పితో మొదలుపెడదాం, ఎందుకంటే దాన్నే ఎక్కువగా దాస్తారు. కలయికలో నొప్పి ఓర్చుకోవాల్సింది కాదు. పైపైన మంట అయితే ఇన్ఫెక్షన్ గానీ పొడిదనం గానీ కావచ్చు. లోతుగా గుచ్చినట్టుంటే గర్భసంచి చుట్టుపక్కల ఇబ్బంది ఉండొచ్చు. బిడ్డకు పాలిచ్చే కాలంలో, నెలసరి ఆగిపోయిన తర్వాత ఈస్ట్రోజెన్ తగ్గి యోని పొడిబారుతుంది. దానికి నీటి ఆధారిత జెల్లీ చాలాసార్లు సరిపోతుంది, చాలకపోతే డాక్టరు ఈస్ట్రోజెన్ క్రీం రాస్తారు. కొబ్బరినూనె రాసి నిరోధ్ వాడొద్దు. నూనె తగిలితే రబ్బరు పలచబడి చినుగుతుంది. కాన్పు తర్వాత సాధారణంగా ఆరు వారాలు ఆగమంటారు, కుట్లు మానకపోతే ఇంకా ఆగాలి.

కొత్తగా పెండ్లయిన అమ్మాయికి దగ్గరికి రాగానే యోని కండరాలు వాటంతటవే బిగుసుకుపోవడం ఒక వైద్య సమస్య. మొండితనం కాదు, మొగుడంటే ఇష్టం లేకపోవడం కాదు. మన దగ్గర ఇది పెద్దమనుషుల పంచాయితీ దాకా పోతుంది, విడాకులతో తెగుతుంది, స్త్రీల డాక్టరు దగ్గరికి మాత్రం పోదు. చేయాల్సింది: ముందు లోపలికి ప్రయత్నించడం పూర్తిగా ఆపాలి. ప్రతి విఫల ప్రయత్నం బిగువును పెంచుతుంది. పరీక్షలో ఇతర కారణం లేదని తేలాక, తన చేతిలోనే అదుపు ఉండేటట్టు, ఊపిరి వదులుతూ కండరాలు సడలించడం నేర్చుకుని, మొదట తన వేలితో, తర్వాత క్రమంగా సైజు పెరిగే డైలేటర్లతో (లోపల పెట్టుకునే నున్నని కడ్డీలు) అలవాటు చేస్తారు. వారాలు, నెలలు పడుతుంది. ఓపిక పడితే చాలామందికి నయమవుతుంది.

మగవాళ్లలో అంగం గట్టిపడకపోవడానికి మొదటి ఆధారం పొద్దున లేచేసరికి ఎట్లుందన్నది. నిద్రలో, తెల్లారుజామున మామూలుగా గట్టిపడుతూ జోడీ దగ్గర మాత్రమే పడకపోతే ఆందోళన కారణం కావచ్చు. నెలల మీద మెల్లగా తగ్గి, తెల్లారుజామున కూడా లేకుండా పోతే రక్తనాళాలు, నరాలు, హార్మోన్ల వైపు చూడాలి. అంగానికి పోయే రక్తనాళాలు గుండె రక్తనాళాల కంటే సన్నవి, పూడిక ముందు అక్కడే తెలుస్తుంది. 40 దాటినవాళ్లకు ఇది షుగర్, గుండె జబ్బు ముందుగా పంపిన కబురు కావచ్చు. అందుకని గోలీ అడిగేముందు బీపీ, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్ చూపించుకోండి. కోరిక కూడా తగ్గితే పొద్దున 11 లోపు రక్తం ఇచ్చి టెస్టోస్టెరాన్ (మగ హార్మోను) పరీక్ష చేయించాలి. మధ్యాహ్నం చేయిస్తే తక్కువ చూపించి మోసం చేస్తుంది. సింగరేణిలో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు ముందు నిద్ర సంగతి చూసుకోవాలి. పగటి నిద్ర తెగితెగి ఉంటే కోరిక దానంతటదే పడిపోతుంది.

అంగం గట్టిపడటానికి ఇచ్చే సిల్డెనాఫిల్ లాంటి గోలీలు డాక్టరు రాస్తేనే వాడాలి. దాదాపు గంట ముందు వేసుకోవాలి, కొవ్వు దట్టించి తింటే ఆలస్యంగా పనిచేస్తుంది, కోరిక లేకపోతే అసలు పనిచేయదు. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్లు దీన్ని ముట్టుకోవద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. గోలీ వేసుకున్నాక గుండె నొప్పి వస్తే దవాఖానలో ఆ మాట దాచకుండా చెప్పాలి. నాలుగు గంటలు దాటినా అంగం మెత్తబడకపోతే అత్యవసర విభాగానికి పోవాలి. "మూలికల పొడి" అని అమ్మేవాటిలో కొన్నింట్లో ఇదే మందు గుట్టుగా కలిపి ఉంటుంది, ఎంత కలిపారో లెక్క ఉండదు.

శీఘ్రస్ఖలనం అని వైద్యులు అనేది సుమారు ఒక్క నిమిషం లోపు, దాదాపు ప్రతిసారీ, ఆరు నెలలకు పైగా జరుగుతూ బాధపెడుతుంటేనే. ఇంట్లో చేసుకునే సాధన ఉంది: ఉద్వేగం అంచుకు చేరుతుండగానే ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ మొదలుపెట్టాలి. మూడుసార్లు ఆపి నాలుగోసారి వదిలేయాలి. మొదట ఒంటరిగా, అదుపు వచ్చాక జోడీతో. చాలామంది అంచు దాటాక ఆపి, పనిచేయలేదంటారు. ముందుగా ఆపడమే ఇందులో కీలకం. కొన్ని వారాల్లో మార్పు లేకపోతే మందులున్నాయి.

పడక అంటేనే పరీక్ష హాలు అయిపోయిన జంటలకు 1970ల నుంచి వాడుకలో ఉన్న స్పర్శ సాధన మంచిది. ఇద్దరూ ఒప్పుకుని కొన్ని వారాలు కలయిక నిషేధించుకుంటారు. వారానికి రెండు మూడుసార్లు, అరగంట చొప్పున. మొదటి దశలో వంతులవారీగా ఒకరి ఒంటిని ఒకరు తాకాలి, రొమ్ములు, జననాంగాలు వదిలెయ్యాలి. తాకించుకునేవాళ్లు ఏది హాయిగా ఉందో, ఏది లేదో చెప్పడమే పని. అది తేలికగా అనిపించాక రెండో దశలో అవీ కలుపుకోవచ్చు, కానీ ఉద్వేగం లక్ష్యం కాదు. కలయిక చివరి దశలోనే. నిషేధం ఎందుకంటే, "ఇవాళ అవుతుందా లేదా" అన్న పరీక్ష లేకపోతే ఒళ్లు సడలుతుంది. మధ్యలో నియమం తప్పితే నేరం కాదు, మళ్లీ మొదటి దశ నుంచి చేయాలి.

ఉమ్మడి కుటుంబంలో, ఒక్క గది ఇంట్లో ఇదంతా ఎక్కడ అంటారా? న్యాయమైన ప్రశ్నే. చాలా ఇండ్లలో లైంగిక సమస్యకు సగం కారణం తలుపుకు గొళ్లెం లేకపోవడం. పిల్లలు నాయనమ్మ దగ్గర పడుకునే ఏర్పాటు, ఇంట్లోవాళ్లు పొలానికో పెండ్లికో పోయిన పగటిపూట, తలుపుకు లోపలి గడియ: ఇవి చిన్న విషయాలు కావు. వీటిని ముందు సర్దుకోండి.

దిగులుకు వాడే కొన్ని గోలీలు కోరికను తగ్గిస్తాయి, ఉద్వేగాన్ని ఆలస్యం చేస్తాయి. బీపీ గోలీల్లోనూ కొన్నిటికి ఈ గుణం ఉంది. సొంతంగా ఆపకుండా రాసిన డాక్టరుకే చెప్పి మార్పించుకోండి. గుండెపోటు వచ్చి తగ్గినవాళ్లు ఆయాసం, నొప్పి లేకుండా రెండు అంతస్తుల మెట్లు ఎక్కగలిగితే సాధారణంగా కలయికకు గుండె తట్టుకుంటుంది, అయినా ఒకసారి అడిగి మొదలుపెట్టండి.

నాలుగో అడుగు: చేయి దాటిందా అని చూసుకోండి

బూతు వీడియోలు, హస్తప్రయోగం, కొత్త కొత్త సంబంధాల వేట ఎప్పుడు రోగం అవుతాయి? ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా పదకొండో కూర్పు 2022 నుంచి అమలులో ఉంది. అందులో అదుపు తప్పిన లైంగిక ప్రవర్తన అనే రుగ్మతను చేర్చారు. గుర్తులు ఇవి: ఆరు నెలలు, అంతకు పైగా సాగాలి. మానాలని పదే పదే ప్రయత్నించి ఓడిపోవాలి. పని, చదువు, ఇల్లు, ఒళ్లు దెబ్బతినాలి, లేదా తృప్తి లేకపోయినా ఆగకపోవాలి. అదే చోట ఇంకో మాట కూడా ఉంది: "పాపం చేస్తున్నా" అన్న అపరాధ భావం ఒక్కటే ఉంటే అది ఈ రుగ్మత కాదు. రెండు వారాలకొకసారి చూసి నెలంతా కుమిలిపోయే మనిషికి ఈ పేరు పెట్టొద్దు.

తేల్చుకోవడానికి రెండు వారాలు చిన్న కాగితం మీద రాసుకోండి: ఎప్పుడు, ఎంతసేపు, దానికి ముందు మనసు ఎట్లుంది, ఏ పని వాయిదా పడింది. మూడో గడి ముఖ్యం. ఎక్కువసార్లు అక్కడ కోరిక ఉండదు. ఒంటరితనం, అప్పుల భయం, నిద్ర రాకపోవడం, తాగుడు దిగినప్పటి చికాకు ఉంటాయి. అప్పుడు వైద్యం చేయాల్సింది వాటికి. ఫోన్ పడకగది బయట ఛార్జింగ్ పెట్టడం, రాత్రి పదకొండు తర్వాత నెట్ బంద్ చేయడం ఆ తర్వాతి మాట. బలవంతం, హింస చూస్తే తప్ప ఉద్రేకం రాని దాకా పోయినా, పిల్లల మీద ఆకర్షణ కలుగుతున్నా ఆగకుండా మానసిక వైద్యుని దగ్గరికి పోవాలి. ఆలోచన దశలోనే సాయం అడగవచ్చు, అడగాలి. పిల్లల అశ్లీల దృశ్యాలు వెతకడం, దాచుకోవడం నేరం.

ఐదో అడుగు: ఆలుమగల మధ్య దుబాయి, మస్కట్ అంత దూరం ఉంటే

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఎంతోమంది ఆలుమగలు రెండేండ్లకు రెండు నెలలు కలిసి ఉండేవాళ్లే. దూరం రోగం కాదు కానీ కొన్ని జాగ్రత్తలు వేరే.

అందరికంటే ముందు పిల్లల లెక్క. నిరోధం లేకుండా, క్రమంగా కలుస్తూ 12 నెలలు గడిచినా గర్భం రాకపోతేనే వైద్యులు సంతానలేమి గురించి చూస్తారు. భార్యకు 35 దాటితే ఆరు నెలలు. "పెండ్లయి మూడేండ్లాయె, కడుపు పండలే" అంటారు గానీ కలిసి ఉన్నది మొత్తం నాలుగు నెలలే అయితే లెక్క ఇంకా మొదలే. 28 రోజుల నెలసరి ఉంటే దాదాపు 10 నుంచి 15వ రోజు మధ్య అవకాశం ఎక్కువ. రెండు రోజులకొకసారి కలిస్తే సరిపోతుంది. తేదీ చూసి బలవంతంగా రోజూ కలవాలనుకుంటే మొగుడికి అంగం సహకరించదు, ఇద్దరికీ విరక్తి పుడుతుంది. పిల్లలు వద్దనుకుంటే సెలవుకు రాకముందే ఏర్పాటు చేసుకోండి. నిరోధ్, ఛాయ గోలీలు, అంతర సూది, కాపర్-టీ ప్రభుత్వ దవాఖానల్లో ఉచితం. నిరోధ్ ఆశ కార్యకర్త దగ్గర కూడా దొరుకుతుంది. నిరోధ్ చినిగితే 72 గంటల లోపు అత్యవసర గోలీ వేసుకోవాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు.

వచ్చిన రోజు రాత్రే అంతా పాతలాగా ఉండాలని ఆశించొద్దు. రెండేండ్లు ఇల్లు ఒంటిచేత్తో నడిపిన మనిషి, క్యాంపు గదిలో ఎనిమిది మంది మధ్య పడుకున్న మనిషి మళ్లీ దగ్గర కావడానికి కొన్ని రోజులు పడుతుంది. విడిగా ఉన్నప్పుడు వేరే సంబంధం ఉంటే, ఎవరిదైనా సరే, కలిసేముందు హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు చేయించుకుని, ఫలితం దాకా నిరోధ్ వాడాలి. మొన్నమొన్న జరిగినదైతే హెచ్ఐవీ మూడు నెలలకు మళ్లీ చూడాలి. సుఖవ్యాధి తేలితే ఇద్దరూ ఒకేసారి మందులు వాడాలి. ఒక్కరే వాడితే తిరిగి అంటుకుంటుంది.

వీడియో కాల్‌లో దగ్గరితనం తప్పు కాదు, రికార్డింగ్ ప్రమాదం. రూమ్‌లో వేరేవాళ్లు ఉన్నారా అని ముందు అడగండి. తెలియని నంబరు నుంచి ఆడమనిషి బట్టలు లేకుండా వీడియో కాల్ చేసి, మీ ముఖం రికార్డు చేసి పైసలు అడిగితే ఒక్క రూపాయి కట్టొద్దు, కట్టినవాళ్లనే మళ్లీ మళ్లీ అడుగుతారు. స్క్రీన్‌షాట్లు తీయండి, నంబరు, ఖాతా వివరాలు రాసుకోండి, చాట్ చెరపకండి, ఆ తర్వాతే బ్లాక్ చేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ నగ్న చిత్రాలు బయట పెడతారన్న భయముంటే స్టాప్ ఎన్‌సీఐఐ అనే వెబ్‌సైట్ ఉంది. చిత్రం మీ ఫోన్ దాటకుండానే దాని గుర్తు సంఖ్య మాత్రం తీసుకుని, ఒప్పందం ఉన్న సామాజిక మాధ్యమాల్లో ఎక్కకుండా అడ్డుకుంటుంది.

ఆరో అడుగు: సరైన గుమ్మం ఎక్కండి

వరంగల్ ఎంజీఎం దవాఖానలో ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు అందరి ముందు సమస్య చెప్పనక్కరలేదు. విభాగం పేరు చెబితే చాలు. కోరిక, ఆందోళన, అదుపు సమస్యలు, ధాతు భయం ఉంటే మానసిక వైద్య విభాగం. అంగంలో కొత్తగా వంకర, గడ్డ, మూత్ర సమస్య ఉంటే యూరాలజీ. పుండ్లు, స్రావం ఉంటే చర్మ, సుఖవ్యాధుల విభాగం. దాన్నే సురక్ష క్లినిక్ అంటారు. నొప్పి, బిగువు, గర్భనిరోధం సంగతులకు స్త్రీల విభాగం, లేదా సీకేఎం, హనుమకొండ ప్రసూతి దవాఖానలు. హెచ్ఐవీ పరీక్ష ఐసీటీసీలో (ప్రభుత్వ కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రం) ఉచితం, మీ అనుమతి లేకుండా చేయరాదు, ఫలితం ఇంకొకరికి చెప్పరాదు. ఇది 2017 చట్టం. ప్రమాదకరమైన కలయిక, అత్యాచారం జరిగిన తర్వాత 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే మందులు హెచ్ఐవీని అడ్డుకుంటాయి. రేపు చూద్దాం అనుకుంటే ఆ అవకాశం జారిపోతుంది.

ఫోన్ మీద మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, తెలుగులోనే, ఉచితం. హింస ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181, వెంటనే ప్రమాదమైతే 112. జిల్లాలో సఖి కేంద్రంలో వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సహాయం, కొన్నాళ్లు తలదాచుకునే చోటు ఒక్క దగ్గరే దొరుకుతాయి. హింస ఉన్న ఇంట్లో ఆలుమగలిద్దరినీ కలిపి కూర్చోబెట్టే కౌన్సెలింగ్‌కు ముందే ఒప్పుకోవద్దు. అక్కడ చెప్పిన మాటకు ఇంటికెళ్లాక దెబ్బలు పడతాయి. ముందు విడిగా మాట్లాడతామని అడగండి.

పోయేటప్పుడు ఈ మూడు రాసుకుని పోండి: ఎప్పటి నుంచి, ప్రతిసారీనా అప్పుడప్పుడా, ఏయే గోలీలు వాడుతున్నారు. నాటు మందులు, కల్లు కూడా కలిపి. మంచి డాక్టరు షుగర్, బీపీ గురించి అడుగుతారు, వీలైతే జోడీని కూడా తీసుకురమ్మంటారు, ఒంటరిగా మాట్లాడే సమయమూ ఇస్తారు. చేయి పట్టుకుని నాడి చూసి "మీ నరాలు వీకయ్యాయి, 40 రోజుల కోర్సు, ముందే పైసలు" అన్నవాళ్ల దగ్గరి నుంచి లేచి రండి. డాక్టరు సిల్డెనాఫిల్ లాంటి గోలీ రాస్తే ఒక్కసారి వేసి పనిచేయలేదని ఆపెయ్యకండి. మోతాదు, సమయం, తిండి సరిచూసుకుని నాలుగైదుసార్లు వాడిన తర్వాతే ఫలించిందో లేదో చెప్పగలరు. రెండో ఓపీకి ఆ వివరాలన్నీ పట్టుకుని పోవాలి.